ఆస్పిరిన్ పడని ఆస్తమా: మూత్రంలో ఎల్‌టీఈ4 చూస్తే చాలదా?

ముక్కు డాక్టర్, చెన్నై
నెల్లూరు, సూళ్ళూరుపేట నుంచి పొద్దున రైలుకి వచ్చి సాయంత్రం రైలుకి వెళ్ళిపోయే పేషెంట్లు మన ఓపీల్లో ఎక్కువ. ఆస్తమా ఉంటుంది. ముక్కులో కండ రెండుసార్లు తీసినా మళ్ళీ పెరిగుంటుంది. వాసన తెలియక ఏళ్ళయి ఉంటుంది. నొప్పి మాత్ర వేసుకుంటే ఆయాసం వస్తుందా అని అడిగితే "గుర్తులేదండీ" అంటారు. వీళ్ళకి ఆస్పిరిన్ ఛాలెంజ్ (ఆసుపత్రిలో కొద్దికొద్దిగా ఆస్పిరిన్ ఇచ్చి చూసే పరీక్ష) అంటే రెండు రోజులు, లాడ్జి ఖర్చు, తోడు ఒక మనిషి. మూత్రంలో ల్యూకోట్రయీన్ ఈ4 (ఎల్‌టీఈ4, ఊపిరి గొట్టాలని బిగించే ల్యూకోట్రయీన్లు చివరికి మారే రూపం) ఎక్కువుంటే ఆస్పిరిన్ పడదని రాసెయ్యొచ్చనేది నా వాదన. కాదనేవాళ్ళు కారణం చెప్పండి.

పీఎఫ్‌టీ గది
ఊపిరి పరీక్షల (పీఎఫ్‌టీ) గది నుంచి నేను కాదంటున్నాను. పెద్దవాళ్ళ ఆస్తమాలో ఈ జబ్బు సుమారు 7 శాతం. పరీక్ష పట్టుకోవడం 80 శాతం, లేనివాళ్ళని లేదనడం 80 శాతం అనుకుందాం. 100 మందిలో నిజంగా ఉన్న 7గురిలో 5గురో 6గురో దొరుకుతారు. లేని 93 మందిలో 18, 19 మందికి కూడా పాజిటివ్ వస్తుంది. పాతిక చీటీల్లో ఇరవై దాకా తప్పే.

బయోకెమ్ బల్ల
"ఎక్కువ" అంటే ఎంత సార్? ఏ పద్ధతిలో? ఎలైజాలో, అంటే యాంటీబాడీతో కొలిచే పద్ధతిలో, యాంటీబాడీ పక్కనుండే అలాంటి రసాయనాలకీ అతుక్కుంటుంది, అంకె పెరిగి కనిపిస్తుంది. అణువు బరువుని బట్టి కొలిచే మాస్ స్పెక్ట్రోమెట్రీ కటాఫ్ (ఎక్కువ అనే గీత) తెచ్చి ఎలైజా రిపోర్టు పక్కన పెట్టకూడదు. రిపోర్టు మిల్లీగ్రాము క్రియాటినిన్‌కి (మూత్రం ఎంత పలచనో చెప్పే పదార్థం) ఎన్ని పికోగ్రాములు అని ఉండాలి. ఉట్టి మిల్లీలీటర్ లెక్క అయితే మనిషి ఎన్ని నీళ్ళు తాగాడన్నదే మనకి తెలుస్తుంది.

కొత్త సభ్యుడు
రక్తంలో ఈసినోఫిల్స్ (అలర్జీలో పెరిగే తెల్లకణాలు), ఊపిరిలో నైట్రిక్ ఆక్సైడ్ చూస్తే సరిపోదా? ఇక్కడ ఎక్కడైనా దొరుకుతాయి కదా.

బయోకెమ్ బల్ల
సరిపోదు. కండ ఉన్న ఆస్తమాలో ఆ రెండూ ఆస్పిరిన్ పడేవాళ్ళకీ పెరుగుతాయి. ఎల్‌టీఈ4 దారి వేరు. కాక్స్-1 (ఆస్పిరిన్ ఆపే ఎంజైమ్) ఇచ్చే పీజీఈ2 అనే రసాయనం, ల్యూకోట్రయీన్లు తయారుచేసే 5-లైపాక్సిజనేజ్ ఎంజైమ్‌కి కళ్ళెంలా ఉంటుంది. వీళ్ళలో ఆ కళ్ళెం మాత్ర వెయ్యకముందే వదులుగా ఉంటుంది, మాత్ర వేస్తే పూర్తిగా ఊడుతుంది. అలా పుట్టిన ల్యూకోట్రయీన్ సీ4 డీ4గా, డీ4 ఈ4గా మారి మూత్రంలో దిగుతుంది. ఆస్తమా మాత్ర మాంటెలూకాస్ట్, ల్యూకోట్రయీన్ అతుక్కునే చోటుని (రిసెప్టర్‌ని) మూస్తుందే గాని తయారీని ఆపదు, కాబట్టి మూత్రం కోసం దాన్ని మానిపించక్కర్లేదు. సిగరెట్ తాగేవాళ్ళలో, ఆస్తమా రేగి ఉన్న వారంలో అంకె పెరుగుతుంది. కండ తీసిన తరవాత, ఒమాలిజుమాబ్ (ఆస్తమా ఇంజెక్షన్) మీద ఉన్నప్పుడు తగ్గుతుంది. శాంపిల్ వెంటనే ఐస్ మీదకి వెళ్ళాలి, ఆ రోజే గడ్డకట్టించాలి. చెన్నై ఎండలో మధ్యాహ్నం దాకా కౌంటర్ మీద ఉంచిన సీసా పంపి అంకె అడగకండి.

ముక్కు డాక్టర్, చెన్నై
పీఎఫ్‌టీ మేడమ్, మీ 100 మంది దారిన పోయే ఆస్తమా వాళ్ళు. నా దగ్గరికి వచ్చేది కండ తిరగబెట్టి, వాసన పోయినవాళ్ళు. వాళ్ళలో 100కి 40 మందికి ఈ జబ్బు ఉందనుకోండి. అదే పరీక్షతో 32 మంది నిజంగా దొరుకుతారు.

పీఎఫ్‌టీ గది
మిగతా 60 మందిలో 12 మందికి తప్పు ముద్ర పడుతుంది. అది చెప్పరేం? పైగా 8 మంది నెగటివ్ చీటీతో ఇంటికెళ్ళి ఆస్పిరిన్ జాతిదే అయిన ఐబుప్రోఫెన్ మింగుతారు.

ఛాలెంజ్ అంటే మీరు చెప్పినంత భూతం కాదు. ఎఫ్ఈవీ1 (గట్టిగా ఊదినప్పుడు మొదటి సెకనులో వచ్చే గాలి) ఉండాల్సినదాంట్లో 70 శాతం పైన ఉండాలి. మొదటిరోజు ఉత్తుత్తి క్యాప్సూల్, దానికే 15 శాతం కన్నా ఎక్కువ ఊగితే ఆపేస్తాం. రెండోరోజు ఆస్పిరిన్ 27, 44, 117, 312 మిల్లీగ్రాములు, గంటన్నర నుంచి రెండు గంటల ఎడంతో. ఎఫ్ఈవీ1 20 శాతం పడితే పాజిటివ్, అక్కడే ఆపాలి. సాల్బుటమాల్ నెబ్యులైజర్, అడ్రినలిన్, ముందే పెట్టిన ఐవీ లైన్ పక్కనే ఉండాలి. గుండెకిచ్చే ఆస్పిరిన్ మాత్ర ఎకోస్ప్రిన్ వాడకూడదు. దాని పైపూత పేగు దాకా కరగదు. డోసుకి డోసు మధ్య ఏమీ జరగలేదనుకుని తరవాతది ఇస్తాం, రెండూ కలిసి సాయంత్రం రైల్లో పిల్లికూతలు మొదలవుతాయి.

బయోకెమ్ బల్ల
మాంటెలూకాస్ట్ ఆపకుండా ఛాలెంజ్ చేస్తే ఎఫ్ఈవీ1 పడకపోవచ్చు. మీ బంగారు కొలబద్దకీ తరుగు ఉంది మేడమ్.

పీఎఫ్‌టీ గది
అందుకే ముక్కు కూడా చూస్తాం. నీరు కారడం, కళ్ళు ఎర్రబడటం, ముక్కుతో గాలి పీల్చే వేగం తగ్గడం. యాంటీహిస్టమిన్ (అలర్జీ మాత్ర) ముందే ఆపించేది ఇందుకే. ఇవన్నీ తెలిసి కూడా రైలు టైము కోసం జబ్బు పేరు ఖాయం చేస్తామంటే నాకు కోపం వస్తుంది.

ముక్కు డాక్టర్, చెన్నై
రైలు టైము మీకు చిన్న మాట. మీరు తేదీ ఇస్తారు, వాళ్ళు రారు. ఊళ్ళో మెడికల్ షాపులో ఒళ్ళునొప్పులన్నందుకు కాంబిఫ్లామ్ ఇస్తారు. అందులో 400 మిల్లీగ్రాముల ఐబుప్రోఫెన్ ఉందని ఎవరూ చెప్పరు. పరీక్షే జరగని మనిషి మీ లెక్కల్లో ఏ గడిలో ఉన్నాడు?

కార్డియో పీజీ
ఇంకో గడి నేను చెప్తాను. 55 ఏళ్ళాయన, స్టెంట్ వెయ్యాలి, దానికి ఆస్పిరిన్ కావాలి. ఫైల్లో "ఆస్పిరిన్ పడదు" అని ఉంటుంది, ఎలా తేల్చారో ఉండదు. అర్ధరాత్రి క్యాథ్‌ల్యాబ్‌లో (స్టెంట్ వేసే గదిలో) ఆ ముక్కని కొట్టేసే ధైర్యం ఎవరికీ ఉండదు. నిజంగా పడకపోతే డీసెన్సిటైజ్ చేసి (కొద్దికొద్దిగా పెంచుతూ ఒంటికి అలవాటు చేసి) ఇవ్వొచ్చు, కానీ ఆ వేళకి అది కుదరదు.

ముక్కు డాక్టర్, చెన్నై
ఇది నేను ఆలోచించలేదు. నాకు మాత్ర మింగేవాడి భయం, మీకు మాత్ర అందనివాడి భయం. సరే, ముద్ర వెయ్యను. చీటీలో ఇలా రాస్తాను: "అనుమానం. మూత్రం ఎల్‌టీఈ4 ఇంత, ఫలానా పద్ధతి, ఫలానా తేదీ. ఛాలెంజ్ కాలేదు. అప్పటిదాకా ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వద్దు. జ్వరానికి పారాసిటమాల్ ఒకసారికి 500 మించకుండా." కింద తెలుగులో కూడా, షాపువాడికి చూపించేలా.

పీఎఫ్‌టీ గది
దానికి నేను ఒప్పుకుంటాను. అంకె ఎక్కువున్నవాళ్ళని ముందు వరసలో పిలుద్దాం. అంకె తక్కువైనా కండ, ఆస్తమా రెండూ ఉంటే వదలొద్దు.

ముక్కు డాక్టర్, చెన్నై
ముందు వరస అంటే ఎన్నాళ్ళకి మేడమ్?

పీఎఫ్‌టీ గది
ఛాలెంజ్‌కి వారానికి ఒక్క మంచమే ఇస్తారు. నర్సు పొద్దుటి నుంచి పక్కన కూర్చోవాలి కాబట్టి రెండోది ఇవ్వరు. మీ దగ్గర ఎంతమంది ఉన్నారో లెక్క రాసి పంపండి, అది పట్టుకుని రెండో మంచం అడుగుతాను.