రెడ్ వైన్ రుచి చూసే రోజు లోషన్ రాసుకోకూడదా?

ప్రశ్న (ఎంవీపీ కాలనీ, విశాఖ)
రెండేళ్లుగా నేను తాగిన ప్రతి రెడ్ వైన్ గురించీ, వాడిన ప్రతి సబ్బూ లోషన్ గురించీ ఒకే పుస్తకంలో రాసుకుంటున్నాను. రెండింటికీ కావలసింది ముక్కే కదా! మొన్న ఆదివారం నాసిక్ షిరాజ్ (అదే పేరున్న నల్లద్రాక్షతో చేసే రెడ్ వైన్) సీసా తెరిచాను. గ్లాసు ఎత్తగానే మల్లెల వాసన. సంబరపడి రాసేసుకున్నాను. తర్వాత మణికట్టు వాసన చూస్తే అదే మల్లె, స్నానం చేసి రాసుకున్న లోషన్‌ది. ఇప్పుడు పాత పేజీలన్నిటి మీదా అనుమానం పట్టుకుంది. పైగా వైన్ ముక్కుకు ఘాటుగా కొట్టింది. మీరు ఏం చేస్తారో చెప్పండి.

జవాబు (లాసన్స్ బే)
ఘాటుకు కారణం మన ఉక్కపోతేనండీ. రెడ్ వైన్ గది వేడిలోనే తాగాలన్న మాట చలిదేశాల ఇళ్లలో పుట్టింది. మన గదులు 30 డిగ్రీలు దాటతాయి, వైన్‌కు 16–18 చాలు. వేడెక్కితే ఆల్కహాల్ ఆవిరే ముందు తగులుతుంది. సీసాను అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. మరీ చల్లబడితే మాత్రం వగరు పెరుగుతుంది.

జవాబు (పెదవాల్తేరు)
పాత పేజీలు చింపకండి. పూల వాసనంతా లోషన్‌దే కానక్కరలేదు. గులాబీ నూనెకు పరిమళాన్నిచ్చే డమాసెనోన్ అనే పదార్థం వైన్‌లోనూ ఉంటుంది. షిరాజ్‌లో వెతకవలసింది మిరియం. ఆ వాసనకు మూలం రోటండోన్ అనే పదార్థమని ఆస్ట్రేలియా పరిశోధకులు 2008లో తేల్చారు. నల్లమిరియాల్లోనూ అదే ఉంటుంది. అరకు కాఫీ తోటల్లో నీడచెట్లకు పాకించే మిరియాలు నాలుగు దంచి, వాసన చూసి, ఆ తర్వాత గ్లాసు అందుకోండి. ఐదుగురిలో ఒకరికి ఆ వాసన తెలియదు, తెలియకపోతే బాధపడకండి.

ప్రశ్న అడిగినవారు
ఇద్దరికీ కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం వాసనలేని సబ్బుతో చేతులు కడుక్కుని, ఒంటికి ఏమీ రాసుకోకుండా కూర్చున్నాను. అదే షిరాజ్, కొత్త సీసా, అరగంట ఫ్రిజ్‌లో ఉంచినది. మొదట నేరేడుపండు. గ్లాసు తిప్పాక, దంచిన మిరియాల రోలు మీదికి వంగినప్పటి వాసన! మింగాక కూడా గొంతు వెనక నిలిచింది. నాలుక అంచుల మీద వగరు, లేత జామకాయ కొరికినట్టు. ఆ పేజీలో మల్లె కొట్టేసి మిరియం రాశాను.

సబ్బులకు ఇక వేరే రోజు. వట్టివేరు సబ్బు ఒకటి పరీక్షిస్తున్నాను. తడి చేతి మీద వాన పడిన మట్టి, గంట తర్వాత చెమటలో ఎండుగడ్డి. బీచ్ రోడ్డులో నడిచి వచ్చాక కూడా మోచేతి మడతలో ఇంకా ఉంది. నాకు ఇప్పటికి నచ్చిన సబ్బు ఇదే.