నంది హిల్స్ దిగి రెండు రోజులైంది, తొడల్లో ఇంకా లాక్టిక్ యాసిడ్ ఉందా?

మడివాళ_పీజీ:
ఆదివారం నంది హిల్స్ మెట్లు ఎక్కి దిగాను. ఎక్కేటప్పుడు తొడలు భగభగ మండాయి, పైన కాసేపు కూర్చుంటే తగ్గింది. ఇవాళ మంగళవారం, పీజీలో మెట్లు దిగాలంటే రెయిలింగ్ పట్టుకోవాల్సి వస్తోంది. లాక్టిక్ యాసిడ్ పేరుకుపోయింది, మసాజ్ చేయించుకుంటేనే పోతుందని జిమ్‌లో అంటున్నారు. వచ్చే నెల 10కె (పది కిలోమీటర్ల పరుగు) ఉంది, టెన్షన్‌గా ఉంది.

లాల్‌బాగ్_ఉదయం:
దాని కోసమైతే మసాజ్ వద్దు తమ్ముడూ. ఆదివారం పుట్టిన లాక్టేట్, అంటే లాక్టిక్ యాసిడ్ ఒంట్లో ఉండే రూపం, ఆదివారమే పోయింది. ఎంత గట్టిగా పరిగెత్తినా గంటా గంటన్నరలో రక్తంలో అది మళ్ళీ మామూలుకి, అంటే లీటరుకి 1 మిల్లీమోల్ దగ్గరికి వచ్చేస్తుంది, కూర్చోకుండా మెల్లగా నడిస్తే ఇంకా త్వరగా. నీ నొప్పి ఎక్కినందుకు కాదు, దిగినందుకు. దిగేటప్పుడు తొడ ముందు కండ ఒంటి బరువును ఆపుతూనే సాగుతుంది, అలా సాగుతూ పనిచేస్తే కండ పోగుల్లో సన్నటి గాయాలవుతాయి. ఆ నొప్పి రెండో రోజో మూడో రోజో బాగా తెలుస్తుంది.

ఫిజియాలజీ_అక్క:
పేరుకుపోవడం అనే మాటే తప్పు. ఒంట్లో ఉండేది దాదాపు అంతా లాక్టేటే, యాసిడ్ రూపంలో కాదు, పైగా అది చెత్త కాదు, ఇంధనం. వేగంగా పనిచేసే పోగులు గ్లూకోజ్‌ను గబగబా వాడేటప్పుడు ఆక్సిజన్ ఉన్నా లాక్టేట్ తయారవుతుంది. ఎంసీటీ4 అనే ప్రోటీన్ దాన్ని బయటికి పంపుతుంది, పక్కనే ఉన్న నిదానం పోగు ఎంసీటీ1తో లోపలికి తీసుకుని మైటోకాండ్రియాలో, అంటే కణంలో శక్తి తయారుచేసే భాగాల్లో, కాల్చుకుంటుంది. గుండె కూడా ఇష్టంగా వాడుకుంటుంది. కొంత కాలేయానికి వెళ్ళి మళ్ళీ గ్లూకోజ్ అవుతుంది, దాన్నే కోరి చక్రం అంటారు, కోరి దంపతులకు 1947లో నోబెల్ వచ్చింది. ఒక కణం చేసింది ఇంకో కణం తింటుందనే ఈ లాక్టేట్ షటిల్ ఆలోచనను 1980ల్లో బర్కిలీలో జార్జ్ బ్రూక్స్ ముందుకు తెచ్చారు. చాలామంది కోచ్‌లు ఇంకా పాత మాటే చెబుతుంటే బాధేస్తుంది.

మడివాళ_పీజీ:
మరి ఎక్కేటప్పుడు మంట ఎందుకక్కా?

ఫిజియాలజీ_అక్క:
యాసిడ్ గుణాన్నిచ్చే హైడ్రోజన్ అయాన్లు, కణాలు శక్తి కోసం వాడే ఏటీపీ, లాక్టేట్ కలిసి నరాల చివర్లను కదిలిస్తాయి, ఒక్క లాక్టేట్ మీదే నెపం వేయకూడదు. 10కె కోసమైతే మాట్లాడుతూ పరిగెత్తగలిగే వేగంలో వారానికి మూడు నాలుగు రోజులు పరిగెత్తు, మైటోకాండ్రియా, ఎంసీటీ1 రెండూ పెరుగుతాయి, లాక్టేట్‌ను అక్కడికక్కడే వాడుకోవడం కండకు అలవాటవుతుంది.

లాల్‌బాగ్_ఉదయం:
గురువారానికి నొప్పి తగ్గుతుందిలే. మూత్రం కోలా రంగులో వస్తే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరికి వెళ్ళు.