పాత పరుపును తక్కువ ఖర్చులో వదిలించుకోవాలంటే: ఎవరికైనా ఇవ్వడమా, విప్పి వేరుచేయడమా?

ఉప్పల్ నివాసి:
మా ఇంట్లో పాత పరుపులు రెండున్నాయి, ఒకటి పీచుది, ఇంకొకటి ఫోముది. రోజువారీ చెత్తతో వాటిని తీసుకోలేమని, విడిగా డబ్బిస్తే చూస్తామని చెత్త బండివారు అంటున్నారు. కొత్తది కొనే దుకాణానికే మార్పిడి కింద ఇవ్వాలా, అవసరమున్నవారికి ఇవ్వాలా అన్నది తేలడం లేదు.

సికింద్రాబాద్ పాఠకురాలు:
మార్పిడే మేలు, ఎందుకంటే కూలి, బండి కిరాయి మన మీద పడవు. అయితే మార్పిడి లేకుండా ధర ఎంతో ముందుగా అడిగి, ఆ తర్వాతే పాత పరుపు మాట ఎత్తండి. పాతదానికి కట్టే విలువను కొత్తదాని ధరలోనే కలిపి చెప్పే దుకాణాలున్నాయి.

హనుమకొండ సభ్యుడు:
దుకాణానికి ఇచ్చేకన్నా అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌కు ఇస్తే పైసా ఖర్చుండదు, ఒక కుటుంబానికి ఉపయోగమూ ఉంటుంది.

విజయవాడ సభ్యురాలు:
ఈ సలహాతో నేను ఏకీభవించలేను. ఫ్లాటు యజమాని ఇస్తానంటే వాచ్‌మన్ వద్దనగలడా? రక్తం దొరకకపోయినా నల్లులు నెలల తరబడి బతుకుతాయి కనుక, కుట్ల వెంబడి, అంచు పట్టీ కింద వాటి జాడగా నల్లని చుక్కలు కనిపించిన పరుపును ఎవరికీ ఇవ్వకూడదు. మధ్యలో గుంత పడి మనకు నడుంనొప్పి తెచ్చిన పరుపు ఆయన నడుముకు మాత్రం మంచిదెలా అవుతుంది?

నా దృష్టిలో విప్పడమే చవకైన దారి. అంచు కుట్టును బ్లేడుతో కోస్తే పైగుడ్డ మొత్తంగా ఊడివస్తుంది. పొడిగా, శుభ్రంగా ఉన్న ఫోమును సోఫాలు కుట్టేవారిని అడిగి చూడండి. ఫోము ముక్కలను జిగురుతో అదిమి గట్టి పరుపులు తయారుచేసే పరిశ్రమ ఉంది కాబట్టి, తడవని ముక్కకు గిరాకీ ఉంటుంది. స్ప్రింగు పరుపైతే గుడ్డ తీసేసి ఇనుమును పాత సామాన్లవారికి తూకానికి అమ్మవచ్చు. పీచు పరుపుతోనే చిక్కు, ఎందుకంటే పీచును రబ్బరు పాలతో అతికిస్తారు కనుక అది ఉత్త కొబ్బరి పీచులా మట్టిలో త్వరగా కలవదు.

కర్నూలు పాఠకుడు:
ఇంత శ్రమ ఎందుకు, ఖాళీ స్థలంలో తగలబెడితే సరిపోదా?

విజయవాడ సభ్యురాలు:
సరిపోదు. పరుపుల్లో వాడే పాలియురేథేన్ ఫోము కాలినప్పుడు కార్బన్ మోనాక్సైడుతో పాటు హైడ్రోజన్ సైనైడు అనే విషవాయువు కూడా వెలువడుతుంది. చెత్తను వీధుల్లో, బహిరంగ స్థలాల్లో, కాలువల్లో పారవేయడాన్ని, కాల్చడాన్ని, పాతిపెట్టడాన్ని 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు కూడా నిషేధించాయి.

హనుమకొండ సభ్యుడు:
వాచ్‌మన్ విషయంలో మీ మాట ఒప్పుకుంటున్నాను. కానీ పెద్ద వయసువారు బ్లేడు పట్టుకుని పరుపు కోయగలరా? అపార్ట్‌మెంటు సంఘం అందరి పాత పరుపులనూ ఒకే రోజు పోగుచేయించి, ఒక బండి మాట్లాడి, కిరాయిని పంచితే ఇంటికి పడేది కొద్ది మొత్తమే. దూది పరుపులను మాత్రం ఆ బండి ఎక్కించవద్దు. దూది ఏకించి కొత్త గుడ్డలో కుట్టించుకుంటే మళ్లీ ఏళ్ల తరబడి వాడుకోవచ్చు.

ఉప్పల్ నివాసి:
ఫోము పరుపును విప్పుతాను. పీచుదాన్ని బండిలో పంపే సంగతి సంఘం సమావేశంలో అడుగుతాను, అయితే కిరాయిని ఫ్లాటుకింత అని వేయాలా, పరుపుకింత అని వేయాలా అన్న తగవు అక్కడ తప్పేలా లేదు.