ఎస్‌టీపీ నీళ్లకి ఆర్‌ఓ: మెంబ్రేన్లు మూడు వారాలకే మూసుకుపోతున్నాయి

అన్నా, మా ఎస్‌టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంట్) నీళ్లు శాండ్ ఫిల్టర్, కార్ట్రిడ్జ్ దాటి ఆర్‌ఓ మెంబ్రేన్లకి (బాగా సన్నటి వడపోత పొరలు) వెళ్తాయి. మూడు వారాలకే ప్రెజర్ పెరిగిపోతోంది. కార్ట్రిడ్జ్ తీస్తే గోధుమరంగు జిగురు, వేలితో గీస్తే పాచిలా ఊడొస్తోంది. ఎస్‌డీఐ (నీళ్లలోని సన్న మడ్డి ఫిల్టర్‌ని ఎంత మూసేస్తుందో చెప్పే కొలత) 5 దాటింది. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఆ జిగురు బ్యాక్టీరియాదే. 5 మైక్రాన్ల కార్ట్రిడ్జ్ సన్న మడ్డిని ఆపలేదు, ఎన్నిసార్లు మార్చినా అంతే. ముందు జార్ టెస్ట్ చేసి (గ్లాసుల్లో ఎంత మందు సరిపోతుందో చూసి) శాండ్ ఫిల్టర్‌కి ముందు మడ్డిని ముద్దకట్టించే ఫెర్రిక్ క్లోరైడ్ డోస్ చేయండి. డబ్బుంటే ఆర్‌ఓకి ముందు యూఎఫ్ (అల్ట్రాఫిల్ట్రేషన్, కార్ట్రిడ్జ్ కంటే సన్నటి వడపోత) పెట్టండి, ఎస్‌డీఐ 3 లోపుకి రావాలి.

జవాబు: మడ్డి ముద్దకట్టడానికి పాలిమర్ కూడా వేస్తే జాగ్రత్త బ్రదర్! క్యాటయానిక్ (పాజిటివ్ చార్జ్ ఉన్న) పాలిమర్ ఎక్కువై నీళ్లలో మిగిలితే మెంబ్రేన్‌కి అతుక్కుంటుంది, ఎంత కడిగినా వదలదు, మేం ఒక సెట్ మొత్తం అలాగే పోగొట్టుకున్నాం.

జవాబు: బ్యాక్టీరియాని ఆపడానికి క్లోరమైన్ (క్లోరిన్, అమ్మోనియా కలిస్తే వచ్చేది) మంచిది. కాలిఫోర్నియా ఆరెంజ్ కౌంటీలో 2008 నుంచి నడుస్తున్న ఇలాంటి ఆర్‌ఓ ప్లాంట్‌లోనూ అదే పద్ధతి. కానీ మీ నీళ్లలో అమ్మోనియా లేకపోతే హైపో (క్లోరిన్ ద్రావణం) వేసినా క్లోరమైన్ తయారవదు, ఫ్రీ క్లోరినే మిగులుతుంది, అది ఆర్‌ఓలోని పాలిఅమైడ్ (ఒక రకం ప్లాస్టిక్) మెంబ్రేన్‌ని తినేస్తుంది. ముందు అమ్మోనియా చూసుకోండి.

థాంక్స్ అన్నా, రేపే జార్ టెస్ట్ పెడతా.