హెడ్ బోల్టులకి 24 న్యూటన్ మీటర్లు, చేతిలో ఉన్నదేమో 40-210 రెంచి

మొయినాబాద్ తోట
అన్నలూ, తోటలో నీళ్ల పంపుకి హోండా జీఎక్స్160 ఇంజిన్ ఉంది. హెడ్ (సిలిండర్ మూత) విప్పి కార్బన్ గీకాను, కొత్త ప్యాకింగ్ తెచ్చి పెట్టుకున్నాను. నాలుగు హెడ్ బోల్టులకీ 24 న్యూటన్ మీటర్లని మాన్యువల్లో ఉంది. పక్కింటాయన దగ్గర కారు చక్రాలకి వాడే టార్క్ రెంచి (మనం పెట్టిన బిగింపు రాగానే క్లిక్‌మనే పానా) ఉంది గానీ దాని గీతలే 40 నుంచి మొదలు. మా ఊరి మెకానిక్‌నేమో అడిగితే "టార్క్ గీర్క్ ఏం లేదన్నా, గట్టిగ గుంజు, అయిపోతది" అంటున్నాడు. బోల్టు దిగేది అల్యూమినియంలోకి కదా, నాకు టెన్షన్‌గా ఉంది.

ఈసీఐఎల్ చౌరస్తా
మెకానిక్ చెప్పింది కరెక్టే. బండ్లన్నీ చేతి అంచనాతోనే నడుస్తున్నయ్. ఊరికే భయపడుతున్నారు.

బాలానగర్ ఫిట్టర్
చేతి అంచనా తప్పని నేననను, నా సర్వీసంతా స్పానర్లతోనే గడిచింది. కానీ ఆ అంచనా రోజూ అదే బోల్టు బిగించేవాడిది. పైగా హెడ్‌కి కావలసింది మొండి బలం కాదు, నాలుగు బోల్టుల్లోనూ ఒకే పట్టు. ఒక మూల వదులైతే అక్కడినుంచే గ్యాసు కొడుతుంది.

ముందు ఆ రెంచి పక్కింటాయనకి తిరిగిచ్చేయండి. క్లిక్ వస్తుందేమోనని గుంజుతూ పోతే క్లిక్ కన్నా ముందు చూడీ (బోల్టు పట్టే మర) ఊడొస్తుంది. ఈ పనికి మూడు సూత్‌ల (3/8 అంగుళం) డ్రైవుది, 24 దాని కొలతకి నడిమధ్యలో పడేలాంటిది కావాలి. చాలా రెంచిల మీద రెండు వరసల అంకెలుంటాయి, చూసుకోండి. 24ని ఫుట్ పౌండ్ల వరసలో పెట్టారో, అది 32 న్యూటన్ మీటర్లు దాటిపోతుంది.

అసలు సంగతి చూడీల దగ్గరుంది. మనం పెట్టే బలంలో దాదాపు సగం బోల్టు తల కింద రాపిడికే పోతుంది, మిగిలినదాంట్లో ఎక్కువ భాగం చూడీలు తింటాయి. హెడ్‌ని నొక్కిపట్టడానికి దక్కేది పదో వంతు. అందుకే పొడి చూడీలకి రాసిన అంకెని నూనె పూసిన బోల్టుకి వాడితే, రెంచి 24 అన్నా బోల్టు అంతకుమించి సాగి ఉంటుంది. మాన్యువల్ నూనె రాయమంటేనే రాయండి. రంధ్రం అడుగున నూనె నిలిచి ఉంటే మరీ ప్రమాదం, దిగే బోల్టుకి అది దారివ్వదు, అల్యూమినియం పగులుతుంది. గాలి కొట్టి ఆరబెట్టండి.

బోల్టు వేళ్లతో తిప్పితేనే తల ఆనేదాకా దిగాలి. మధ్యలో పట్టేస్తే స్పానరు అందుకోకండి, వెనక్కి తీసి చూడండి. చూడీల సందుల్లో నల్లటి మసి ఉంటే వైరు బ్రష్ చాలు. వెండిలా మెరిసే సన్నటి పోగు చుట్టుకుని ఉంటే మాత్రం రంధ్రంలో చూడీ పోయినట్టే, హెలికాయిల్ (పోయిన చూడీ బదులు రంధ్రంలో దించే తీగ చుట్ట) వేయించుకోవాలి.

ఆ తర్వాత ఎదురెదురు మూలలు పట్టుకుని 10, 18, 24, మూడు విడతల్లో. మెల్లగా, మధ్యలో ఆగకుండా లాగండి. క్లిక్ అనగానే చెయ్యి తీసేయాలి. ఇంకో రెండుసార్లు క్లిక్ అనిపించడం మనవాళ్లకి అదో సరదా! బోల్టు మాత్రం ప్రతిసారీ ఇంకాస్త తిరుగుతుంది.

మొయినాబాద్ తోట
సార్, చాలా థ్యాంక్స్. ఒక్క పంపు కోసం కొత్త రెంచి కొనాలంటే ఆలోచిస్తున్నాను. వేరే దారి ఉందా?

బాలానగర్ ఫిట్టర్
ఉంది. లగేజీ తూచే కొక్కెం త్రాసు ఇంట్లో ఉందా? 12 నంబరు రింగు స్పానరు పెట్టి, బోల్టు నడిమధ్య నుంచి 20 సెంటీమీటర్లు కొలిచి, అక్కడ త్రాసు తగిలించి లాగండి. 12 కిలోలు చూపిస్తే 23.5 న్యూటన్ మీటర్లు, మీ పనికి చాలు. త్రాసు స్పానరుకి అడ్డంగా, సరిగ్గా మూలమట్టంలో ఉండాలి. వాలిందంటే కిలోలు చూపిస్తుంది గానీ బోల్టుకి అంత బలం చేరదు. మొదటి రెండు విడతలకి 5 కిలోలు, 9 కిలోలు.

ఈసీఐఎల్ చౌరస్తా
ఈ త్రాసు ఐడియా బాగుంది సార్. ప్లగ్గుకి కూడా ఇట్లనే చేయొచ్చా?

బాలానగర్ ఫిట్టర్
ప్లగ్గుకి త్రాసు అక్కర్లేదు. ఈ ఇంజిన్‌కి 18 న్యూటన్ మీటర్లు. కొత్త ప్లగ్గయితే చేత్తో తిప్పి వాషరు ఆనాక అర చుట్టు, పాతదే మళ్లీ వేస్తుంటే పావు చుట్టు లోపే.

మొయినాబాద్ గారూ, హెడ్ బిగించాక ట్యాపెట్ గ్యాప్ (వాల్వుకీ దాన్ని నొక్కే రాకర్‌కీ మధ్య సందు) సరిచూడటం మరవకండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఇన్‌లెట్ 0.15, ఎగ్జాస్ట్ 0.20 మిల్లీమీటర్లు.