సమస్యాపూరణం: “గాయమే గాయమును మాన్పఁ గలుగు మందు”

తపస్సు కాలంలో (ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాస దినాలలో) ఇచ్చే సమస్య గనుక ఈసారి ఛందస్సు తేలికగా, భావం బరువుగా ఉండాలనుకున్నాను. తేటగీతి పాదమిది: గాయమే గాయమును మాన్పఁ గలుగు మందు. గాయానికి మందు కావాలి గాని గాయమే మందెట్లా అవుతుందన్నది ఇందులోని చిక్కు. “అతని గాయాల వలన మనకు స్వస్థత కలిగింది” అనే బైబిలులోని యెషయా 53వ అధ్యాయం చదివినవారికి దారి వెంటనే దొరుకుతుంది, అయితే దొరికిన దారినే అందరూ నడిస్తే పూరణలన్నీ ఒకే పద్యమవుతాయి. అందువల్ల సొంత బాధను కథోలిక విశ్వాసంతో చూసినప్పుడు కనిపించినదేదో దానినే పద్యంలో పెట్టవలసిందిగా సభ్యులను కోరుతున్నాను.

మొదటి పూరణ, గన్‌ఫౌండ్రీ సభ్యురాలిది:

నమ్మలే నన్న తోమాకు నాథుఁ డపుడు
చేతి గాయమ్ముఁ జూపఁగాఁ జెదరె శంక
మనసులో నున్న గాయమ్ము మానిపోయె
గాయమే గాయమును మాన్పఁ గలుగు మందు

అమ్మా, యతులన్నీ సరిగా పడ్డాయి, నడక హాయిగా ఉంది. ఉత్థానుడైన, అంటే మరణించి తిరిగి లేచిన, ప్రభువు శరీరంలో మేకుల గుర్తులు చెరిగిపోకుండా మిగలడమే ఒక పెద్ద ధ్యానం. గెలిచిన తరువాత కూడా దాచుకోనవసరం లేని గాయమది. ఒక్క లోపం చెబుతాను. సమస్యలోని రెండు గాయాలలో ఒకటి ఏదో పాఠకుడు తానే కనుక్కోవాలి, మీరు మూడవ పాదంలో దానిని విప్పి చెప్పేయడం వలన నాలుగవ పాదానికి పని లేకుండా పోయింది. “మ్రొక్కి నా ప్రభూ! నా దేవ! మోకరిల్లె” అని మార్చి చూడండి. శిష్యుడైన తోమా నోట వచ్చిన మాటలు అవే, యతి కూడా నిలుస్తుంది.

రెండవ పూరణ, సికింద్రాబాద్ సభ్యునిది:

వారమున మూఁడు దినములు వాఁడి సూది
చేత దిగినప్పు డెల్ల నేఁ జెప్పుకొందు
ప్రభువ! నీ ప్రక్క దిగినట్టి బల్లె మిదని
గాయమే గాయమును మాన్పఁ గలుగు మందు

పద్యం కింద ఆయన ఇలా రాశారు: “డయాలసిస్ మంచంపై నుండి ఒంటిచేత్తో టైపు చేశాను, రెండవ చేయి కదపకూడదు. ఫిస్టులా కోసం ముంజేతిలో ధమనినీ సిరనూ కలిపి కుట్టారు. ఆ మచ్చ మీద వేలు పెడితే లోపల తుమ్మెద తిరుగుతున్నట్టు జుమ్మంటుంది. ఆ కోతే లేకపోతే నాకు చికిత్సే లేదు, అందుచేత మీ సమస్య నాకు సమస్యగా అనిపించలేదు.”

ఈ పద్యం చదివి నేను కొంతసేపు ఏమీ రాయలేకపోయాను. అయినా విమర్శకుని పని విమర్శకునిదే గనుక ఒక సందేహం అడిగాను. యోహాను సువార్త 19వ అధ్యాయం ప్రకారం సైనికుడు బల్లెంతో పొడిచే సరికే ప్రభువు మరణించి ఉన్నారు, నొప్పి ఎరిగిన గాయాలు మేకులవి. మరి ప్రాణంతో ఉండి సూదిపోటు ఎరిగే మీరు బల్లెంతో పోలిక తేవడం ఎంతవరకు సబబు?

ఆయన జవాబును యథాతథంగా ఇస్తున్నాను. “మేకు అని రాసి కొట్టివేశానండీ. ఆ ప్రక్కలోనుండి నెత్తురూ నీరూ వచ్చాయని అదే అధ్యాయంలో ఉంది. నా పక్కన ఉన్న యంత్రం నాలుగు గంటలపాటు చేసే పని నెత్తురును బయటికి తీసి, దానిలో ఎక్కువైన నీటిని వేరుచేసి, తిరిగి లోపలికి పంపడం. గొట్టంలో ఆ రెండింటినీ చూస్తూ జపమాలలోని దుఃఖ రహస్యాలు (ప్రభువు పాట్లను ధ్యానించే ప్రార్థనలు) చెప్పుకునే నాకు బల్లెమే గుర్తుకు వస్తుంది.”

నా అభ్యంతరాన్ని వెనక్కు తీసుకున్నాను.

మూడవ పూరణ, సైదాబాద్ సభ్యునిది:

పాపఫలముగఁ దెగులు సంప్రాప్తమయ్యె
దేవుఁ డిచ్చిన శిక్షగా నేను దలతు
ఓర్చుకొందును నొప్పి నే నొక్కరుండ
గాయమే గాయమును మాన్పఁ గలుగు మందు

రెండవ పాదంలో యతి తప్పింది, “దే”కు “నే” చెల్లదు. “దేవుఁ డిచ్చిన శిక్షగాఁ దెలిసికొంటి” అంటే యతి కుదురుతుంది, కాని భావం అప్పటికీ కుదరదు, నా అసలు పేచీ దానితోనే. పుట్టు గుడ్డివానిని చూసి పాపం ఎవరిది, ఇతనిదా తల్లిదండ్రులదా అని శిష్యులు అడిగినప్పుడు ప్రభువు రెండూ కాదన్నారు. నిర్దోషియై బాధపడిన యోబుకు అతని స్నేహితులు కూడా ఇదే వాదన అధ్యాయాల కొద్దీ వినిపించి చివరికి దేవుని చేత చీవాట్లు తిన్నారు. మీ నొప్పికి లెక్క కట్టి శిక్ష అని పేరు పెట్టే అధికారం మీకూ లేదు, మీ పొరుగువారికీ లేదు.

మూడవ పాదంలోని “ఒక్కరుండ” నన్ను ఇంకా ఎక్కువ బాధించింది. పునీత రెండవ జాన్ పాల్ జగద్గురువులు (పోపు) తమపై కాల్పులు జరిగిన దాదాపు మూడేళ్ళకు, 1984 ఫిబ్రవరి 11న, లూర్దుమాత పండుగ నాడు, బాధకు క్రైస్తవార్థమేమిటో వివరిస్తూ ఒక లేఖ రాశారు. “క్రీస్తు పడిన పాట్లలో కొదువగా ఉన్నదానిని ఆయన శరీరమైన శ్రీసభ (క్రైస్తవ సంఘం) కోసం నా శరీరంలో పూర్తిచేస్తున్నాను” అని పౌలు కొలొస్సీయులకు రాసిన మాటతోనే ఆ లేఖ మొదలవుతుంది. ప్రభువు బలిలో లోటు ఉందని దాని అర్థం కాదు, మన నొప్పికి ఆ బలిలో చోటు విడిచిపెట్టారని అర్థం. బాధకు కారణమేమిటని అడిగినవానికి క్రీస్తు సిద్ధాంతం చెప్పరనీ, నా వెంట రమ్మంటారనీ అదే లేఖలో ఉంది.

ఇక్కడ సభ్యురాలొకరు, “అయితే నొప్పి మంచిదంటారా, మందు మానేయమంటారా?” అని అడిగారు. అట్లా అనకూడదమ్మా. గెత్సేమనే తోటలో ప్రభువే ఈ పాత్రను తొలగించమని ప్రార్థించారు, పౌలు తన శరీరంలోని ముల్లు తీసివేయమని మూడుసార్లు వేడుకున్నాడు. సువార్తలలో రోగులు ఎదురుపడినచోట ప్రభువు బాగుచేయడమే చూస్తాం. మాత్ర వేసుకుంటూనే నొప్పిని ప్రభువుకు అర్పించవచ్చు. నొప్పిని వెదుక్కుంటూ పోవడం భక్తి కాదు, తప్పించుకోలేని నొప్పిని వృథా పోనీయకపోవడం భక్తి.

రెండు రోజుల తరువాత సైదాబాద్ సభ్యులు పూరణను తిరగరాసి పంపారు. శుక్రవారం గుడిలో సిలువ మార్గం (ప్రభువు సిలువ మోసిన దారిని స్థలం తరువాత స్థలంగా ధ్యానించే ప్రార్థన) చేస్తూ ఐదవ స్థలం దగ్గర ఆగిపోయానని, పొలం నుండి వస్తూ బలవంతాన సిలువ కిందికి నెట్టబడిన కురేనీయ సీమోను కూడా “నేనే ఎందుకు?” అనుకుని ఉంటాడని తోచిందని రాశారు.

ఏల నాకని యడిగితి నిన్నినాళ్ళు
సిలువ మోయుచు రమ్మనెఁ జెంత కతఁడు
మోయు మొక కొన సీమోను మోసినట్లు
గాయమే గాయమును మాన్పఁ గలుగు మందు

“మోయు” అన్న ధాతువు రెండు పాదాలలో మూడుసార్లు పడింది, పరీక్షలో అయితే అర మార్కు తగ్గించేవాడిని. కాని చివరి పాదం ఇప్పుడు ప్రభువు నోటి మాటగా మారిపోయింది, మిగిలిన పూరణలలో జరగనిది అదే. ఈసారి నా ఓటు దీనికి, లేదా రెండవదానికి, తేల్చుకోలేకపోతున్నాను.

సికింద్రాబాద్ సభ్యులు తేల్చే పని లేదంటూ ఇలా రాశారు: “మూడవ పాదం నాకు ఇచ్చివేయండి బాబూ. ఈ ఉదయం దానిని నా ఎదుటి మంచంపై ఉండే పెద్దాయనకు చదివి వినిపించాను. ఆయన మన గుడికి వచ్చేవారు కారు, పద్యాలూ ఎరుగరు. ‘ఈ సీమోను ఎవరండీ?’ అన్నారు. ఇద్దరికీ సూదులు అప్పుడే దింపారు, ఇంకా నాలుగు గంటలు ఉంది గనుక మొదటినుండి చెప్పడం మొదలుపెట్టాను.”