కెనడా మిషన్‌లో పనిచేసిన బైబిల్ ఉమన్ వివరాలు ఎక్కడ వెతకాలి?

తూర్పుగోదారి:
మా ముత్తమ్మమ్మ రూతమ్మ గారు 1915 ప్రాంతంలో పిఠాపురం చుట్టుపక్కల కెనడియన్ బాప్టిస్ట్ మిషన్‌లో బైబిల్ ఉమన్‌గా (ఇళ్లకు వెళ్లి ఆడవాళ్లకు బైబిలు చెప్పే ఉద్యోగం) చేశారు. పుట్టింటి పేరు, ఊరు తెలియవు. ఆన్‌లైన్‌లో ఎంత వెతికినా దొరసానుల (కెనడా నుంచి వచ్చిన మిషనరీ స్త్రీల) పేర్లే వస్తున్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలండి?

పాతకాగితం:
ఆవిడ పేరుతో కాదు, మిషన్ స్టేషన్ (మిషనరీలు ఉండి పనిచేసిన ఊరు) పేరుతో మొదలుపెట్టండి. మిషన్ వార్షిక రిపోర్టులు, 1878 నుంచి వచ్చిన స్త్రీల పత్రిక ‘కెనడియన్ మిషనరీ లింక్’ చూడండి. రిపోర్టు పట్టికలో బైబిల్ ఉమెన్ ఎంతమందో అంకె మాత్రమే వేస్తారు. పేరు దొరికితే దొరసాని రాసిన పేరాల్లోనే, ఫలానా ఊళ్లు తిరిగిందనో, చనిపోయిందనో. అదీ ఒట్టి పేరే. బైబిలు పేర్లు ఊరికి నలుగురికి ఉంటాయి కాబట్టి భర్త పేరో ఊరో కలిస్తే తప్ప మన మనిషే అనుకోవద్దు. స్కాన్ కాపీల్లో సెర్చ్‌ని నమ్ముకోకండి, తెలుగు పేర్లను కంప్యూటరు తప్పుగా చదువుతుంది. 1915 సంగతులకు 1916లో అచ్చయినవీ తిరగేయండి.

చికకోల్:
అసలు కాగితాలు కెనడాలో హామిల్టన్‌లోని మెక్‌మాస్టర్ డివినిటీ కాలేజీ ఆర్కైవ్స్‌లో ఉంటాయి. మెయిల్‌లో ‘వివరాలన్నీ పంపండి’ అంటే పని జరగదు. స్టేషన్, ఓ అయిదేళ్ల గడువు, భర్త పేరు రాయండి. ఆవిడ ఎప్పుడైనా బొబ్బిలి, శ్రీకాకుళం వైపు చేసి ఉంటే అది మొదట్లో మారిటైమ్ బోర్డు (కెనడా తూర్పు తీర రాష్ట్రాల బాప్టిస్టుల మిషన్) పరిధి, ఆ పాత కాగితాలకు నోవా స్కోషియాలోని అకాడియా యూనివర్సిటీని అడగాలి. ఊళ్లు పాత స్పెల్లింగులోనే ఉంటాయి: కాకినాడ ‘కొకనాడ’, శ్రీకాకుళం ‘చికకోల్’.

తూర్పుగోదారి:
ఆవిడ భర్త, మా ముత్తాతగారు, పల్లె బడి టీచరట. బాప్తిస్మం రిజిస్టరులో ఆవిడ పుట్టిన తేదీ దొరుకుతుందాండి?

సంఘం పుస్తకం:
బాప్టిస్టులు పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరండీ. ఆ తేదీని పుట్టిన తేదీ అనుకుంటే పదిహేను, ఇరవై ఏళ్లు తేడా వస్తుంది. అంతకంటే పెళ్లి రిజిస్టరు పట్టుకోండి. 1872 క్రైస్తవ వివాహ చట్టం నమూనాలో ఇద్దరి తండ్రుల పేర్లకూ, నివాసానికీ గడులున్నాయి. మీకు కావాల్సిన పుట్టింటి ఆచూకీ అక్కడే. తర్వాత సంఘం (చర్చి) సభ్యత్వ పట్టీ. ఊరు మారినప్పుడు పాత సంఘం ఇచ్చే ఉత్తరం సంగతి అందులో రాస్తారు, దాన్నిబట్టి వెనక్కి వెళ్లొచ్చు. ఈ పుస్తకాలు చాలాచోట్ల స్థానిక సంఘం దగ్గరే ఉండిపోయాయి, కాపరిగారినో (పాస్టరు) పాత పెద్దలనో అడగాలి. ఫోటో తీస్తే ఆ ఒక్క వరుస కాదు, పేజీ మొత్తం, అట్ట కూడా తీయండి. సాక్షుల సంతకాల్లో మేనమామో అన్నో ఉండొచ్చు.

పాతకాగితం:
ముత్తాతగారు టీచరైతే రిపోర్టుల్లో ఆయన పేరూ వెతకండి. ఆవిణ్ని ‘టీచరు భార్య’ అని రాసి వదిలేసి ఉండొచ్చు.